ఆరు లైట్ల ఆసామికి

అయ్యా,

మీ పేరు నాకు తెలియదు. బండి నెంబరైనా రాసుకుందామంటే ప్లేటు కనపడలేదు. దానికి కారణం చీకటి కాదు, తమరే. బంపరు మీద నాలుగు, పైన క్యారియరుకు రెండు, కంపెనీవాడు ఇచ్చిన హెడ్‌లైట్లు ఎలాగూ ఉండనే ఉన్నాయి. మీరు నన్ను దాటి వెళ్ళాక, వెనక ఆకారాన్ని బట్టి అది పాత సుమో అని గుర్తుపట్టాను.

కాబట్టి ఈ ఉత్తరానికి చిరునామా లేదు. మీకు అందితే మంచిదే. మారుతి ఎయిట్‌హండ్రెడ్‌కు తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు తోసినవారికి, ఓమ్నీ ముఖాన లైట్ బారు అడ్డంగా కట్టినవారికి, బొలేరో బుల్‌బారుకు గుండ్రటి దీపాలు వరసగా తగిలించినవారికి అందినా మంచిదే. అందరికీ కలిపే రాస్తున్నాను.

పాత బండి నడుపుతున్నందుకు మిమ్మల్ని ఒక్క మాట అనను. నాకది ముచ్చటే. సుమో 1994లో వచ్చింది. టాటాల మోటారు కంపెనీని నిలబెట్టిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని మొదటి అక్షరాలు కలిపి దానికా పేరు పెట్టారు. మన సినిమావాళ్ళు దాన్ని సీమకు తోలుకెళ్ళి, హీరో తొడకొడితే గాల్లోకి లేచే వస్తువుగా మార్చేశారు గానీ, అసలు జీవితంలో అది పెళ్ళివారిని, తిరుపతి మొక్కులను, అర్ధరాత్రి పురిటినొప్పులను మోసిన బండి. తయారీ 2019లో ఆగిపోయింది. 15 ఏళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషను పొడిగించుకోవాలంటే కట్టాల్సిన ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 రూపాయలు కాస్తా 5,000 అయింది. అది కట్టి, ఫిట్‌నెస్ చూపించుకుని, దొరకని పార్టుల కోసం ఆటోనగర్ చుట్టూ తిరిగి ఇంకా నడుపుకుంటున్నారంటే అది మమకారమే. దానికి నమస్కారం.

మీ బండికి వెలుగు చాలడం లేదన్నదీ ఒప్పుకుంటాను. పాతికేళ్ళ హెడ్‌లైటు లోపల తళతళలాడాల్సిన రిఫ్లెక్టరు మసకబారి, అంచుల వెంట తుప్పు పొక్కి ఉంటుంది. ముందు గాజు మీద ఇన్నేళ్ళ ఇసుక గీసిన గీతలుంటాయి. పక్కనే పోతున్న కొత్త కారుకు ఫర్లాంగు దూరం కనిపిస్తుంటే, మీ ముందు మాత్రం రెండు పసుపు మరకలు. ఒకనాడు చూసుకోక గుంతలో దిగి కమాను పట్టీ విరిగి ఉంటుంది. చిరాకేసి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళి, “అన్నా, వెలుగు చాలట్లేదు” అని ఉంటారు. ఆయన గోడకు వేలాడుతున్న దీపాల్లోంచి ఒక జత దించాడు. ఆ జతకు రేపు ఇంకో జత తోడైంది.

మీరు అడగవలసింది వేరే ఉంది. ఉన్న బల్బుల దాకా కరెంటు ఎంత చేరుతోంది?

ఆ తరం బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ల కరెంటంతా స్టీరింగు పక్కనుండే స్విచ్చు గుండానే తిరిగి రావాలి. బ్యాటరీ దగ్గర బయలుదేరి, డ్యాష్‌బోర్డులోకి దూరి, తాళం స్విచ్చు, లైట్ల స్విచ్చు, డిప్పరు స్విచ్చు, ఫ్యూజుల పెట్టె అన్నీ పలకరించుకుని, మళ్ళీ బయటికొచ్చి, సన్నటి వైరు మీద ముందుదాకా నడిస్తే అప్పుడు బల్బు. దారిలో ప్రతి జాయింటు దగ్గరా పచ్చటి చిలుము. ఒక్కోచోట కాస్త కాస్త వోల్టేజి రాలిపోతుంది. హాలోజన్ బల్బు గుణం ఏమిటంటే, దానికందే వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 10 శాతంతో సరిపెట్టదు, 30 శాతం దాకా పడిపోతుంది. 20 శాతం తగ్గితే సగం వెలుగు పోయినట్టే. మీ బండిలో దీపాలు తక్కువై కాదు, ఉన్న దీపాలు పస్తులుండి రోడ్డు కనపడటం లేదు.

దీన్ని కనిపెట్టడం ఎంతో తేలిక. ఇంజను నడుస్తుండగా లైట్లు వేయించి, మల్టీమీటరు ఎర్ర వైరును బ్యాటరీ ప్లస్ మీద, నల్ల వైరును బల్బు హోల్డరులో కరెంటు వచ్చే పిన్ను మీద పెట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఆ మేరకు మీ వెలుగును వైర్లే మింగుతున్నాయి. ఎర్త్ వైపు కూడా ఒకసారి చూపించండి, బ్యాటరీ మైనస్‌కూ బల్బు ఎర్త్ పిన్నుకూ మధ్య. పాత బండ్లలో సగం జబ్బులు ఎర్త్ జబ్బులే. తుప్పు పట్టిన బాడీకి బిగించిన ఒక్క బోల్టు విప్పి, కింద రేకును గరుకు కాగితంతో గీకి, మళ్ళీ బిగిస్తే కళ్ళు తెరిచిన బండ్లు ఎన్నో ఉన్నాయి.

ఎర్త్ బాగుచేసినా చాలకపోతే దానికి మందు రిలే. హారనుకు ఉంటుంది చూశారా, ఆ చిన్న నల్ల డబ్బీయే. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30వ నెంబరు కాలికి, 87 నుంచి తిన్నగా బల్బులకు. పాత వైరు 86కు వచ్చి రిలేను లేపే పని మాత్రం చేస్తుంది, 85 ఎర్త్. హైకి ఒకటి, డిమ్ముకు ఒకటి, మొత్తం రెండు డబ్బీలు. బల్బులు అవే, 60/55 వాట్లవి. మసకబారిన రిఫ్లెక్టర్లు మార్చించి, గాజు తుడిపించి, ఈ రెండు రిలేలు వేయిస్తే మీరు అదనపు దీపాలకు పోసిన డబ్బులో సగం మిగిలి ఉండేది. పాత స్విచ్చు కాలిపోకుండా ఇంకో పదేళ్ళు బతికేది కూడా.

మీ మేస్త్రీ ఇదంతా ఎందుకు చెప్పలేదంటే, వైరు పనిలో ఒళ్ళు వంచాలి, దీపం అమ్మితే చాలు. ఆయన్నొక్కణ్ణే అని లాభం లేదు లెండి. లోపల వేసిన రాగి వైరును మీరు మీ తోడల్లుడికి చూపించలేరు. బంపరు మీద బిగించిన దీపాలైతే పక్క వీధివాళ్ళకు కూడా కనిపిస్తాయి.

బల్బు మార్చి సరిపెట్టుకుందామనుకున్నవారిదీ ఇదే దారి. 60/55 తీసి 100/90 వాట్లవి వేస్తారు. అదే సన్న వైరు మీద ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి ఇంకా రాలుతుంది, వైరు వేడెక్కుతుంది, హోల్డరు గోధుమ రంగు తిరిగి కరిగి ఒకరోజు వాసన వస్తుంది. ఇక హాలోజన్ గూట్లో ఎల్‌ఈడీ బల్బు తోయడం మరో వేడుక. ఆ రిఫ్లెక్టరు వంపులన్నీ తీగ ఎక్కడ వెలుగుతుందో మిల్లీమీటర్లలో లెక్కకట్టి తీర్చినవి. డిమ్ము తీగ కింద చిన్న రేకు తొడుగు కూడా ఉంటుంది, కిందికి కొట్టే వెలుగును ఆపి ఎదుటివాడి కంట్లోకి పోకుండా చూసేది అదే. వెలుగు పుట్టే చోటు కాస్త జరిగిందంటే ఆ లెక్కంతా తప్పి, కిరణాలు చెట్ల మీదకు, కరెంటు స్తంభాల మీదకు, నా మీదకు పోతాయి. తెల్లగా ఉంది కాబట్టి ఎక్కువ వెలుగని మీకనిపిస్తుంది. రోడ్డు మీద ఎంత పడుతోందో దిగి చూస్తే గదా తెలిసేది.

ఇక మీరు కనపడకుండా చేస్తున్నదేమిటో చెబుతాను.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్ల పైన దాటుతుంది. మీ ఆరు దీపాలు కళ్ళ మీద పడ్డాక నా చూపు తేరుకోవడానికి మూడు సెకన్లు అనుకున్నా, 50 మీటర్ల రోడ్డును నేను కళ్ళతో కాకుండా నమ్మకంతో నడిపినట్టు. శుక్లాలు మొదలైన పెద్దవాళ్ళకు ఆ తేరుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. కంటి కటకం మసకబారేకొద్దీ లోపలికొచ్చిన వెలుగు చెదిరి పొరలా కమ్ముతుంది. గీతలు పడ్డ హెల్మెట్ గాజు వెనక నుంచి చూసే స్కూటరు మనిషి సంగతి అడగనే వద్దు.

ఆ 50 మీటర్లలో ఏముంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కోతల కాలమైతే సగం రోడ్డు మీద వడ్లు, అవి చెదరకుండా చుట్టూ రాళ్ళ వరస. ఆ రాళ్ళకు ఏ రేడియమూ ఉండదు. చెరకో పత్తో గడ్డో నింపుకుని వెనక దీపం లేకుండా పోయే ట్రాక్టరు ట్రాలీ ఉంటుంది. రాత్రి రంగులో కలిసిపోయిన గేదెలుంటాయి. మార్గశిరంలో ఇరుముడి నెత్తిన పెట్టుకున్న అయ్యప్పలు, దసరా తర్వాత బెజవాడ కొండకు నడిచే భవానీలు, శివరాత్రికి శ్రీశైలం పోయేవాళ్ళు రోడ్డు వార వెంట వస్తుంటారు. మీ వెలుగుకూ నా బండికీ నడుమ ఉన్న మనిషి ఇద్దరిలో నాకే కనపడడు. ఆ మనిషి మీకు కనిపిస్తాడు, కాబట్టి మీకేం భయం ఉండదు. ఆయన్ను గుద్దే అవకాశం మీకు కాదు, నాకుంది. ఈ పద్ధతిలో నాకు అన్నింటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. అపాయం తయారుచేసేది ఒకరు, దాని బరువు మోసేది వేరొకరు.

మీకూ అంత మేలేమీ జరగటం లేదు. క్యారియరు మీద దీపాల వెలుగు మీ బానెట్ మీదే పడి మీ కళ్ళలోకే తిరిగొస్తుంది. బండి ముందు పది పదిహేను మీటర్లు మరీ కాంతివంతంగా ఉంటే కన్ను ఆ కాంతికి అలవాటు పడి, దూరంలో ఉన్న చీకటిని చదవడం మానేస్తుంది. దగ్గర రోడ్డు పట్టపగలులా కనపడటం హాయిగానే ఉంటుంది. 80 కిలోమీటర్ల వేగంలో మీకు కావలసింది మాత్రం దూరం.

ఒకప్పుడు మన దగ్గర దీనికో మొరటు వైద్యం ఉండేది. హెడ్‌లైటు గాజు నడిమధ్య, దిష్టిచుక్క లాగా, ఓ నల్ల చుక్క. కొన్ని ఊళ్ళలో పోలీసులే చౌరస్తాలో ఆపి పెట్టేవారు, లారీలకు గాజు పైసగం నల్లరంగు పూసేవారు. ఇంజనీర్లకు అది నచ్చే పద్ధతి కాదు. అయినా ఎదుటివాడి కన్ను ఒకటుందన్న ఎరుక అందులో ఉండేది. లారీల వెనక రాత్రివేళ డిప్పరు వాడమని రంగుల్లో రాయించుకున్నవాళ్ళూ ఆ కాలంవాళ్ళే. ఇప్పటికీ రాత్రుళ్ళు నాకు ముందుగా డిప్పు కొట్టేది ఎక్కువగా లారీ డ్రైవర్లే అని ఒప్పుకోవాలి. కార్లవాళ్ళం మనమే చెడ్డాం.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే దానివల్ల మీరు దీపాలు విప్పుతారన్న భ్రమ నాకు లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది దీపాల వంపు గురించి. బండికి 8 మీటర్ల ముందు, కుడి అంచుకు అర మీటరు పక్కగా, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకూడదని అది కొలతలతో సహా చెబుతుంది. 111వది, ముందువైపు స్పాట్‌లైట్లు, సెర్చ్‌లైట్లు రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా కుదరవంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కొక్కదానికి అన్న మాట ఆరు లైట్లున్న మీరు ఒకసారి నిదానంగా చదువుకోవాలి. ఇక ఆచరణలో జరిగేదేమిటో మనకు తెలిసిందే. ఫిట్‌నెస్ రోజున పొద్దున్నే స్పానరు పెట్టి విప్పుతారు, సాయంత్రానికి అదే స్పానరుతో బిగిస్తారు.

వెలుగంటే మనకు చూపే కాదు, హోదా కూడా. నాయకుల బుగ్గ కార్లు చూసి పెరిగినవాళ్ళం. 2017 మే 1 నుంచి ఆ ఎర్రబుగ్గలు మంత్రులకు కూడా లేకుండా తీసేశారు. అదే ఏడాది చివర్లో బుల్‌బార్లు చెల్లవని కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. అయినా రోడ్డు మీద పెద్దమనిషితనం ఎలాగో ఒకలా చూపించాలన్న దురద పోలేదు. బుగ్గ పోయిన చోట లైట్ బారు వచ్చింది. పాత బండివాడికి ఆ దురద ఇంకొంచెం ఎక్కువ కావచ్చు. కొత్త కార్లు ఓవర్‌టేక్ చేసి పోతుంటే, నేనూ ఉన్నానని చెప్పుకోవాలని ఉంటుంది. అది నాకు అర్థమవుతుంది. కానీ చెప్పుకోవడానికి నా కన్నే దొరికిందా?

సరే, తిట్టింది చాలు. మీకు దీపాల మీద నిజంగానే మోజుందనుకుందాం. మీ బండిలో దీపాలు లేని చోట్లు ఎన్ని ఉన్నాయో చూపిస్తాను.

మొదటిది బానెట్ కింద. రాత్రి పూట రేడియేటరు పైపు పగిలినా, ఫ్యాను బెల్టు తెగినా మీరు చేసే పని నేను చూశాను. ఫోను పళ్ళతో పట్టుకుని, మెడ వంకర తిప్పి, నూనె చేతులతో తడుముతుంటారు. ముందు ఆరు దీపాలున్న మనిషి ఇంజను చూసుకోవడానికి పక్కవాడి ఫోను అడుక్కోవడం ఎంత చిత్రం! బానెట్ లోపలి వైపు ఒక చిన్న దీపం, బానెట్ లేస్తే వెలిగి, దింపితే ఆరిపోయేలా ఒక పిన్ స్విచ్చు. తలుపు స్తంభానికి ఉండే నొక్కుడు బొత్తం లాంటిదే. దీపానికి ఎప్పుడూ కరెంటుండే వైరొకటి, దాన్ని బ్యాటరీ దగ్గరే 5 ఆంపియర్ల ఫ్యూజు గుండా తేవాలి. ఎర్త్ మాత్రం స్విచ్చు గుండా. అంతే పని. వేడి తగిలే సైలెన్సరు పైపుకూ, తిరిగే ఫ్యానుకూ వైరు దూరంగా పోవాలి, అడుగడుక్కీ క్లిప్పు పడాలి.

తర్వాత వెనక డిక్కీ. ఆ తరం బండ్లలో సామాను పెట్టే చోట దీపం ఉండటమే అరుదు, ఉన్నా ఏనాడో మాడిపోయి ఉంటుంది. జాకీ, వీల్ స్పానరు, స్టెప్నీ విప్పే రాడ్డు అన్నీ అక్కడే, అన్నీ నల్లటివే. 5 వాట్ల దీపం చాలు. దీనిలో ఒక మెలిక ఉంది. తలుపు మూసినా స్విచ్చు తిరిగి రాక దీపం వెలుగుతూనే ఉంటే లోపల మీకు తెలియదు. 5 వాట్లంటే 0.4 ఆంపియర్లు, 35 ఆంపియర్-అవర్ల చిన్న కారు బ్యాటరీని అది మూడున్నర రోజుల్లో ఖాళీ చేస్తుంది. సెల్ఫు అంతకు చాలా ముందే మొరాయిస్తుంది. సుమో బ్యాటరీ పెద్దది కాబట్టి ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటుంది, అంతే తేడా. ఎల్‌ఈడీ ముక్క వేసుకుంటే ఆ లాగుడు బాగా తగ్గుతుంది. హెడ్‌లైట్ గూట్లో తిట్టిన ఎల్‌ఈడీని ఇక్కడ నేనే నెత్తిన పెట్టుకుంటాను. స్విచ్చు పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఫోన్లో వీడియో పెట్టి డిక్కీలో వదిలి తలుపు వేసి చూడండి.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది తలుపు అంచు దీపం. తలుపు తెరవగానే కింద నేల మీద కొంచెం తెల్లటి వెలుగు, తలుపు అంచున వెనక్కి చూసే ఒక చిన్న ఎరుపు. కాలు పెట్టేది మురికి కాలవలోనా, ముళ్ళకంప మీదా, నిద్రపోతున్న కుక్క మీదా అన్నది అమ్మమ్మలకు దిగకముందే తెలుస్తుంది. వెనక నుంచి వస్తున్న బైకు కుర్రాడికి తలుపు తెరుచుకుందని తెలుస్తుంది. తెరిచిన తలుపుకు గుద్దుకుని పడ్డవాళ్ళను మన ఊళ్ళలో చూడనివాళ్ళుండరు. ఎన్నో ఖరీదైన కార్లలో ఈ సదుపాయం కంపెనీ నుంచే వస్తుంది. మీ పాత బండికి ఒక సాయంత్రం పని.

రివర్సు దీపం మీ బండికి ఉండే ఉంటుంది, వెలుగుతోందా? గేర్‌బాక్సు మీదుండే రివర్సు స్విచ్చు పాత బండ్లలో ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, బయటికి తెలియదు గనుక ఎవరూ పట్టించుకోరు. వెనకున్న పిల్లవాడికి బండి తన మీదకు వస్తోందని చెప్పేది ఆ దీపమే. ముందు దాన్ని బాగుచేయించండి. 21 వాట్ల బల్బు వెలుగు మీకు చాలకపోతే బంపరు కింద, నేల వైపు వంచి ఇంకొకటి పెట్టించండి, అదీ రివర్సు గేరుతో మాత్రమే వెలిగేలా. వేరే స్విచ్చు పెట్టారంటే ఏదో ఒకరోజు ఆర్పడం మరిచి, వెనకొచ్చేవాణ్ణి హైవే పొడవునా వేధిస్తారు.

పంక్చరు కోసం పొడుగు వైరున్న చేతి దీపం ఒకటి, వీలైతే అయస్కాంతం ఉన్నది, సీటు కింద పడేయండి. వెనక తలుపుకు, బంపరు మూలలకు ఎర్ర రిఫ్లెక్టరు టేపు అంటించండి. అది దీపం కాదు నిజమే, నా దీపాన్నే నాకు తిప్పి చూపిస్తుంది. సెల్ఫు చచ్చి చీకట్లో ఆగిన రోజున మీ బ్యాటరీతో పని లేకుండా మిమ్మల్ని కాపాడేది అదొక్కటే.

వీటిలో ఏదీ నా కంట్లో పడదు. ఏదీ మీ ఆల్టర్నేటరును ఏడిపించదు. 55 వాట్ల దీపాలు ఆరంటే 330 వాట్లు, 27 ఆంపియర్ల పైమాట. హెడ్‌లైట్లు మరో 10. ఆ తరం చిన్న బండ్లలో ఆల్టర్నేటరు ఇచ్చేదే 40 ఆంపియర్ల చుట్టుపక్కల. దానికి వైపరు, బ్లోయరు, పాటలు కలుపుకోండి. వానపడే రాత్రి మీ దీపాలు బ్యాటరీని లోపలి నుంచి తోడేస్తుంటాయి, పొద్దున బండి తోయడానికి మనుషులు కావాలి. ఇక వాటిని బిగించేటప్పుడు మేస్త్రీ హెడ్‌లైటు వైరుకు గాటు పెట్టి, మెలేసి, టేపు చుట్టి వదిలేసి ఉంటే, మధ్యలో ఫ్యూజు లేకుండా ఉంటే, మీరు దీపం కాదు, అగ్గి మోసుకు తిరుగుతున్నారు. వేడికి టేపు జిగురు కారిపోతుంది, రేకు అంచుకు వైరు రాసుకుంటుంది, అడ్డుకునే ఫ్యూజు లేదు. రేపే బానెట్ ఎత్తి చూసుకోండి.

పొగమంచు మాటేమిటని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. లంబసింగి వైపు, పాడేరు ఘాట్‌లో, అరకు దారిలో చలికాలం తెల్లవారుజామున ముందున్న రోడ్డు మాయమవుతుంది. అక్కడ ఫాగ్ ల్యాంపులు నిజంగా పనికొస్తాయి. ఒక జత చాలు, అదీ బంపరు కింద. ఎత్తు తక్కువ, వెలుగు వెడల్పు, పైకి కోసినట్టు ఆగిపోయే అంచు, ఈ మూడూ ఉన్నదే ఫాగ్ ల్యాంపు. మంచులో హై బీమ్ వేస్తే తెల్లగోడ ఎదురవుతుంది. క్యారియరు మీద దీపాలు వేస్తే ఆ గోడ ముక్కు మీదకే వస్తుంది. పసుపు రంగే ఉండాలన్న పట్టింపు చాలామందికి ఉంది. ఫ్రాన్స్‌లోనైతే 1993 దాకా కార్ల హెడ్‌లైట్లే పసుపువి. నా లెక్కలో రంగు కన్నా ఎత్తూ వంపూ ముఖ్యం. మంచు దాటాక ఆర్పేయడం వాటన్నింటికన్నా ముఖ్యం.

హెడ్‌లైట్ల వంపు కూడా ఒకసారి చూసుకోండి. సమంగా ఉన్న నేల మీద, గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలిపి డిమ్ము వేస్తే, వెలుగు పై అంచు దీపం ఎత్తు కన్నా ఒక 10 సెంటీమీటర్లు కిందుండాలి. ఖాళీ బండితో చూడొద్దు. మీది సుమో. వెనక బెంచీల మీద పెళ్ళివారు ఎక్కితే వెనక కమాన్లు కుంగి, ముక్కు లేచి, డిమ్ము కాస్తా హై అవుతుంది. మామూలుగా ఎంతమందితో తిరుగుతారో అంతమందినీ ఎక్కించి చూడండి.

బంపరు మీద దీపాలు తీయనే తీయనంటారా? అప్పుడు కనీసం వాటి రిలే 86వ కాలిని హై బీమ్ వైరుకు కలిపించండి. మీరు డిప్పు కొట్టగానే అవీ ఆరిపోతాయి, వేరే స్విచ్చు కోసం చీకట్లో వెతుక్కునే పని ఉండదు. దీనివల్ల అవి చట్టబద్ధం అయిపోవు. ఆ విషయం అధికారులూ మీరూ తేల్చుకోండి. నా కన్ను మాత్రం బతుకుతుంది.

విప్పితే వాటిని పాత ఇనుముకు వేయకండి. లైట్ బారుకు ఒక గౌరవమైన చోటుంది. రబీ కోతలప్పుడు మబ్బు పట్టిన రాత్రి కళ్ళంలో వడ్లు ఎత్తుకోవాలి, కూలీలు నిలబడి ఉంటారు, కరెంటు ఉండదు. ట్రాక్టరు బ్యాటరీకి ఫ్యూజుతో కలిపి, వెదురు గడకు కట్టి, నేల వైపు వంచండి. పశువుల కొట్టంలో, బోరు షెడ్డు దగ్గర కూడా అంతే. లైట్ బారు వచ్చిన డబ్బా మీద, రోడ్డు మీద వాడకానికి కాదని సన్న అక్షరాల్లో రాసినవాడు మనసులో పెట్టుకున్నది ఇలాంటి చోట్లనే.

ఇట్లు,
మీకు ఎదురుగా వచ్చే బండివాడు

తా.క. వెనక బ్రేకు లైట్ల చోట ఎరుపూ నీలమూ మార్చి మార్చి మినుకుమనే పట్టీ ఒకటి పెట్టించారు కదా, దాన్ని ఈ వారమే పీకించండి. మీరు బ్రేకు వేశారా, అలంకరించుకున్నారా అన్నది వెనకొచ్చేవాడికి తెలియడం లేదు. మామూలు 21/5 వాట్ల బల్బు, మామూలు ఎర్ర గాజు చాలు. హోల్డరులో తుప్పు ఉంటే ఆ పనిలోనే గీకించేయండి.